వాట్సాప్, సిగ్నల్, టెలిగ్రామ్: ఏ మాటకు ఏ యాప్?

2021 జనవరిలో వాట్సాప్ కొత్త గోప్యతా విధానం ప్రకటించగానే మన ఫోన్లలో పెద్ద కదలిక వచ్చింది. ‘అందరూ సిగ్నల్‌లోకి రండి’ అన్న పిలుపులు వాట్సాప్ గ్రూపుల్లోనే తిరిగాయి. కొత్తగా చేరేవాళ్ల తాకిడికి ఆ నెల మధ్యలో సిగ్నల్ సర్వర్లు మొరాయించాయి. వాట్సాప్ మన దేశంలోని పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలిచ్చి వివరణ చెప్పుకుంది. కొన్నాళ్లకు వెళ్లినవాళ్లలో చాలామంది వెనక్కి వచ్చేశారు. నిజానికి అప్పుడు మారినవి వ్యాపార ఖాతాలతో జరిపే సంభాషణలకూ, మాతృసంస్థ ఫేస్‌బుక్‌తో (ఇప్పటి మెటా) వివరాలు పంచుకోవడానికీ సంబంధించిన నిబంధనలు. ఇద్దరు మనుషుల మధ్య నడిచే సందేశాల ఎన్‌క్రిప్షన్, అంటే ఇతరులు చదవకుండా వేసే తాళం, అంతకుముందు ఎలా ఉందో అలాగే ఉంది. భయపడవలసింది ఒకచోట అయితే జనం భయపడింది మరొకచోట.

ఆ గందరగోళం ఇంకా తీరలేదు. టెలిగ్రామ్ పరమ రహస్యమని నమ్మి ఆస్తి కాగితాలు అందులో పంపేవాళ్లున్నారు. వాట్సాప్‌లో ఎన్‌క్రిప్షన్ ఉంది కదా అని బ్యాకప్ సంగతి ఎన్నడూ చూడనివాళ్లు అంతకంటే ఎక్కువమంది. ‘ఏ యాప్ భద్రం?’ అని అడిగితే సరైన జవాబు దొరకదు. ఏ మాటను ఎవరి కంట పడకుండా కాపాడుకోవాలనుకుంటున్నారో ముందు తేల్చుకోవాలి. అది తేలితే యాప్ ఎంపిక సగం అయిపోయినట్టే.

ముందుగా చూడవలసినవి

మొదటిది, తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? ఎన్‌క్రిప్షన్ అన్న మాట అన్ని కంపెనీలూ వాడతాయి. ఫోను నుంచి కంపెనీ సర్వర్ దాకా తాళం వేసి, సర్వర్‌లో తెరిచి, మళ్లీ తాళం వేసి అవతలివారికి పంపడం ఒక పద్ధతి. దారిలో దొంగలు చదవలేరు గానీ కంపెనీ చదవగలదు. తాళంచెవి పంపినవారి ఫోనులో, అందుకున్నవారి ఫోనులో తప్ప మరెక్కడా లేకపోవడం రెండో పద్ధతి. దీన్నే ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ అంటారు. కంపెనీ కోరుకున్నా, కోర్టు ఆదేశించినా సర్వర్‌లోంచి తీసి ఇవ్వడానికి చదవగలిగిన రూపంలో ఏదీ ఉండదు. ఇది యాప్‌లో దానంతట అదే పనిచేస్తోందా, మనం వెతికి పెట్టుకోవాలా అన్నది కూడా ముఖ్యమే. వెతికి పెట్టుకోవాల్సింది ఏదైనా నూటికి తొంభైమంది పెట్టుకోరని అనుకోవడమే మంచిది.

రెండోది బ్యాకప్. ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుంచుకోగలిగితే దీన్నే గుర్తుంచుకోండి. సందేశం ఎంత పకడ్బందీగా ప్రయాణించినా, చేరిన తర్వాత దాని నకలు తాళం లేకుండా గూగుల్ డ్రైవ్‌లోనో ఐక్లౌడ్‌లోనో పడి ఉంటే అంతకుముందు జరిగినదంతా వృథా.

మూడోది మెటాడేటా, అంటే మాట కాకుండా మాట చుట్టూ ఉండే వివరాలు: ఎవరు, ఎవరితో, ఎప్పుడు, ఎంతసేపు, ఏ ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో మన పరికరాన్ని గుర్తించే సంఖ్య) నుంచి. ఒక మనిషి క్యాన్సర్ ఆసుపత్రికి, ఆ వెంటనే బీమా ఏజెంటుకు, తర్వాత తన అన్నకు ఫోను చేశారని తెలిస్తే ఏం మాట్లాడుకున్నారో వినాల్సిన పనేముంది?

నాలుగోది ఫోను నంబరు కొత్తవాళ్లకు కనిపిస్తుందా లేదా. ఆడవాళ్లకు ఇది చాలాసార్లు ఎన్‌క్రిప్షన్ కంటే దగ్గరి సమస్య. అపార్ట్‌మెంట్ గ్రూపులోనో స్కూలు పేరెంట్స్ గ్రూపులోనో చేరగానే వందమంది అపరిచితుల చేతికి నంబరు వెళ్తుంది.

చివరిది, మన వాళ్లు అందులో ఉన్నారా? అమ్మ వాడలేని యాప్ ఎంత గొప్పదైనా అమ్మతో మాట్లాడటానికి పనికిరాదు.

| అంశం | వాట్సాప్ | సిగ్నల్ | టెలిగ్రామ్ | ఐమెసేజ్ | మామూలు ఎస్సెమ్మెస్ |
|---|---|---|---|---|---|
| ఇద్దరి చాట్‌కు ఎండ్ టు ఎండ్ | దానంతట అదే ఉంటుంది | దానంతట అదే ఉంటుంది | సీక్రెట్ చాట్ తెరిస్తేనే | ఆపిల్ పరికరాల మధ్య ఉంటుంది | లేదు |
| గ్రూపులకు | ఉంది | ఉంది | లేదు | అందరివీ ఆపిల్ పరికరాలైతేనే | లేదు |
| బ్యాకప్ | తాళం మనమే వేసుకోవాలి | తాళంతోనే తయారవుతుంది | మామూలు చాట్లన్నీ కంపెనీ సర్వర్‌లోనే | తాళం మనమే వేసుకోవాలి | వర్తించదు |
| ఫోను నంబరు | గ్రూపులో అందరికీ కనిపిస్తుంది | కొత్తవాళ్లకు కనిపించదు | సెట్టింగ్స్‌లో దాచుకోవచ్చు | నంబరు బదులు ఈమెయిల్ వాడుకోవచ్చు | కనిపిస్తుంది |
| నడిపేది | మెటా | లాభాపేక్ష లేని ఫౌండేషన్ | దురోవ్ సొంత కంపెనీ | ఆపిల్ | టెలికాం కంపెనీ |

వాట్సాప్: తాళం గట్టిదే, వెనక తలుపు చూసుకోవాలి

వాట్సాప్ 2016 ఏప్రిల్‌లో తన వినియోగదారులందరికీ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ వర్తింపజేసింది. అందుకు వాడినది సిగ్నల్ తయారుచేసినవాళ్లు రూపొందించిన ప్రోటోకాలే (తాళం వేసే పద్ధతే). కాబట్టి సందేశం దారిలో ఉన్నంతసేపు ఈ రెండు యాప్‌ల రక్షణ దాదాపు ఒకటే. ‘వాట్సాప్ మన మెసేజ్‌లు చదివి ప్రకటనలు చూపిస్తుంది’ అన్న ప్రచారానికి సాంకేతికంగా ఆధారం లేదు. 2021 ఐటీ నిబంధనల్లో ‘సందేశాన్ని మొదట పంపిందెవరో చెప్పాలి’ అన్న షరతును కంపెనీ ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసింది. ఎన్‌క్రిప్షన్ తెంచమంటే దేశం వదిలి వెళ్లవలసి వస్తుందని 2024 ఏప్రిల్‌లో కోర్టుకు చెప్పింది.

ఇబ్బందులు ఆ తాళం బయట ఉన్నాయి. ఖాతా వివరాలు, ప్రొఫైల్ ఫోటో, గ్రూపుల సమాచారం, వాడుతున్న పరికరం, ఐపీ చిరునామా వంటివి ఎండ్ టు ఎండ్ పరిధిలోకి రావు. అవి మెటా చేతికి అందుతాయి. 2021 విధానాన్ని వినియోగదారుల మీద రుద్దిందన్న కారణంతో 2024 నవంబరులో కాంపిటిషన్ కమిషన్ ఆఫ్ ఇండియా మెటాకు రూ.213 కోట్లకు పైగా జరిమానా విధించింది. వ్యాపార ఖాతాతో మాట్లాడుతున్నప్పుడు అవతల ఉన్నది ఒక మనిషి కాదు, ఒక సంస్థ. ఆ సంభాషణ వాళ్ల సిబ్బంది చేతుల్లోకీ, వాళ్లు పెట్టుకున్న సాఫ్ట్‌వేర్‌లోకీ వెళ్తుంది.

ఇక బ్యాకప్. వాట్సాప్ 2021 అక్టోబరులో బ్యాకప్‌కు కూడా ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఇచ్చింది, కానీ దాన్ని మన చేతికే వదిలేసింది. సెట్టింగ్స్‌లో చాట్స్, అందులో చాట్ బ్యాకప్, అక్కడ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్. పాస్‌వర్డ్ గానీ 64 అంకెల కీ గానీ పెట్టుకోవచ్చు. ఆ పాస్‌వర్డ్ మరిచిపోతే పాత చాట్లు వాట్సాప్ కూడా తెచ్చివ్వలేదు. ఈ భయంతోనే చాలామంది వెనకాడతారు. అయినా పెట్టుకోమనే నా సలహా. పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి బ్యాంకు పాసుపుస్తకాల దగ్గర ఉంచితే సరిపోతుంది.

ఇక్కడ ఇంకో చిక్కుంది. మీ బ్యాకప్‌కు మీరు తాళం వేసినా అవతలివారు వేయకపోతే అదే సంభాషణ వారి క్లౌడ్‌లో తెరిచి ఉంటుంది. వందమంది ఉన్న గ్రూపులో వంద నకళ్లు. గ్రూపులో రాసే ప్రతిదాన్నీ గోడ మీద రాసినంత బహిరంగంగా భావించడమే క్షేమం.

సిగ్నల్: అడిగినా ఇవ్వడానికి ఏమీ లేనిది

సిగ్నల్‌ను నడిపే ఫౌండేషన్ 2018లో ఏర్పడింది. స్థాపించినవారిలో ఒకరు మాక్సీ మార్లిన్‌స్పైక్, మరొకరు వాట్సాప్ సహవ్యవస్థాపకుడు బ్రయన్ యాక్టన్. ఫేస్‌బుక్ నుంచి బయటికి వచ్చిన యాక్టన్ దీనికి 5 కోట్ల డాలర్లు సమకూర్చాడు. ప్రకటనలు లేవు, నడిచేది విరాళాల మీద. ప్రోగ్రాం కోడ్ ఎవరైనా చదివి పరీక్షించుకునేలా బహిరంగంగా ఉంటుంది.

దీని అసలు బలం మెటాడేటా దగ్గర కనిపిస్తుంది. 2016లో అమెరికాలో ఒక గ్రాండ్ జ్యూరీ (నేరారోపణ చేయాలా వద్దా అని తేల్చే పౌరుల బృందం) ఒక ఖాతా వివరాలన్నీ ఇవ్వమని ఆదేశిస్తే సిగ్నల్ ఇవ్వగలిగినవి రెండే: ఖాతా తెరిచిన సమయం, చివరిసారి సర్వర్‌కు కలిసిన సమయం. పరిచయస్తుల జాబితా లేదు, గ్రూపుల పేర్లు లేవు, ఎవరితో మాట్లాడారన్న చిట్టా లేదు. వాటిని సేకరించకుండానే యాప్ పనిచేసేలా కట్టారు. కంపెనీ ఇచ్చే మాట కంటే కంపెనీ దగ్గర ఏమీ లేకపోవడమే నాకు ఎక్కువ ధైర్యం ఇస్తుంది. 2024లో యూజర్‌నేమ్‌లు వచ్చాక ఫోను నంబరు చెప్పకుండానే కొత్తవారితో మాట్లాడవచ్చు. ఖాతా తెరవడానికి మాత్రం నంబరు కావాలి.

మూల్యం కూడా ఉంది. ఫోను పోతే, బ్యాకప్ పెట్టుకోకపోతే, చాట్లన్నీ పోతాయి. 2025లో తెచ్చిన క్లౌడ్ బ్యాకప్ కూడా 64 అక్షరాల రికవరీ కీ మీదే ఆధారపడుతుంది. ఆ కీ పోగొట్టుకుంటే ఎవరూ ఏమీ చేయలేరు. మనుమల ఫోటోలు పదేళ్ల తర్వాత వెతుక్కోవాలనుకునే కుటుంబానికి ఇది సరిపడదు. పైగా మన పరిచయస్తుల్లో అందులో ఉండేవాళ్లు కొద్దిమందే.

టెలిగ్రామ్: గొప్ప నోటీసు బోర్డు, రహస్యానికి తగని చోటు

పావెల్, నికొలాయ్ దురోవ్ సోదరులు 2013లో ప్రారంభించిన టెలిగ్రామ్ చుట్టూ ఉన్నంత అపోహ మరే యాప్ చుట్టూ లేదు. అందులో మామూలు చాట్లకూ గ్రూపులకూ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ లేదు. అవన్నీ కంపెనీ సర్వర్లలో, కంపెనీ దగ్గరే తాళంచెవి ఉండే పద్ధతిలో నిలవ ఉంటాయి. కొత్త ఫోనులో లాగిన్ అవగానే పాత చాట్లన్నీ ప్రత్యక్షం కావడం అందుకే. సీక్రెట్ చాట్ అని వేరే ఉంది. అది ఇద్దరి మధ్యే, మొదలుపెట్టిన పరికరంలోనే నడుస్తుంది. ఒక్కొక్కరితో వారి ప్రొఫైల్ తెరిచి ప్రత్యేకంగా ప్రారంభించాలి. ఇద్దరి మధ్య వాయిస్, వీడియో కాల్స్‌కు మాత్రం ఎండ్ టు ఎండ్ ఉంది.

కంపెనీ దగ్గర వివరాలుంటే అవి ఏదో ఒక రోజు అడగబడతాయి. మన దేశంలోనే 2022లో, కోచింగ్ పాఠాలను టెలిగ్రామ్ చానెళ్లలో అనుమతి లేకుండా పంచుతున్నారన్న కాపీరైట్ కేసులో, ఢిల్లీ హైకోర్టు ఆదేశం మేరకు ఆ చానెళ్ల నిర్వాహకుల పేర్లు, ఫోను నంబర్లు, ఐపీ చిరునామాలను కంపెనీ అందజేసింది. 2024 ఆగస్టులో పావెల్ దురోవ్‌ను ఫ్రాన్స్‌లో అరెస్టు చేశారు. ఆ మరుసటి నెలలోనే, చట్టబద్ధంగా అడిగితే నిబంధనలు ఉల్లంఘించినవారి ఫోను నంబరు, ఐపీ చిరునామా ఇస్తామని కంపెనీ తన విధానంలో రాసుకుంది. దొంగతనంగా పాఠాలు పంచేవారిని పట్టుకోవడంలో తప్పేమీ లేదు. ఇవ్వడానికి అక్కడ వివరాలున్నాయన్నదే మనం గమనించాల్సింది.

అయితే టెలిగ్రామ్‌ను తీసిపారేయను. 2 లక్షల మంది దాకా పట్టే గ్రూపులు, 2 జీబీ దాకా ఫైళ్లు, నంబరు దాచుకునే వీలు, ఇవి మరోచోట ఇంత సులువుగా దొరకవు. గ్రూప్ 2, డీఎస్సీ పరీక్షలకు చదివే అమ్మాయి వేలమంది ఉన్న స్టడీ గ్రూపులో చేరాలంటే, నంబరు అందరికీ చూపించే వాట్సాప్ గ్రూపు కంటే సెట్టింగ్స్‌లో ఫోను నంబరును ఎవరికీ కనిపించకుండా పెట్టుకున్న టెలిగ్రామ్ మేలు. ఎన్‌క్రిప్షన్ తక్కువైన యాప్ ఒక్కోసారి ఎక్కువ రక్షణ ఇవ్వడం ఇలాగే జరుగుతుంది.

మిగతావి క్లుప్తంగా

ఐమెసేజ్ అమెరికాలో ఉన్న మన కుటుంబాల్లో బాగా నడుస్తుంది. ఆపిల్ పరికరాల మధ్య ఎండ్ టు ఎండ్ ఉంది. ఐక్లౌడ్ బ్యాకప్ ఆన్‌లో ఉండి, అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్ (ఐక్లౌడ్ బ్యాకప్‌కూ ఎండ్ టు ఎండ్ తాళం వేసే సెట్టింగ్) ఆన్ చేయకపోతే సందేశాల తాళంచెవి ఆపిల్ దగ్గర కూడా ఉన్నట్టే. ఈ సెట్టింగ్ 2022 డిసెంబరులో వచ్చింది. బ్రిటన్ ప్రభుత్వం ఒత్తిడి వల్ల 2025 ఫిబ్రవరిలో ఆపిల్ ఆ దేశంలో కొత్తవారికి దీన్ని ఆపేసింది. లండన్‌లో ఉన్న పిల్లలతో మాట్లాడేవారు గమనించాలి.

ఆండ్రాయిడ్‌లోని గూగుల్ మెసేజెస్‌లో ఇద్దరూ అదే యాప్‌తో ఆర్‌సీఎస్ (ఎస్సెమ్మెస్ స్థానంలో వచ్చిన కొత్త సందేశ పద్ధతి) వాడుతుంటే రక్షణ ఉంటుంది. పంపే బటన్ దగ్గర తాళం గుర్తు కనిపిస్తేనే నమ్మండి.

అరట్టై చెన్నై కేంద్రంగా ఉన్న జోహో కంపెనీది. 2025 సెప్టెంబరులో స్వదేశీ యాప్ అన్న ప్రచారంతో ఒక్కసారిగా జనంలోకి వెళ్లింది. ఆ ఊపు వచ్చిన రోజుల్లో కాల్స్‌కు ఎండ్ టు ఎండ్ ఉన్నా రాతపూర్వక సందేశాలకు లేదు. వాడాలనుకుంటే మీరు మాట్లాడే చాట్‌కు ఆ రక్షణ ఉన్నట్టు యాప్‌లో స్పష్టంగా కనిపించాకే సొంత విషయాలు రాయండి. కంపెనీ ఏ దేశానిదన్నది గర్వానికి సంబంధించిన విషయం, తాళంచెవి ఎవరి దగ్గరుందన్నది గోప్యతకు సంబంధించినది.

ఎస్సెమ్మెస్‌కూ మామూలు ఫోను కాల్స్‌కూ ఈ రక్షణ ఏదీ లేదు. తెలంగాణలో 2024లో వెలుగులోకి వచ్చిన ఫోన్ ట్యాపింగ్ కేసులోని ఆరోపణల నిజానిజాలు కోర్టులో తేలవలసి ఉంది. కానీ టెలికాం నెట్‌వర్క్ మీద నడిచే కాల్‌ను వినే వీలు వ్యవస్థలోనే ఉందని జనానికి అర్థమైంది అప్పుడే. వాట్సాప్, సిగ్నల్ కాల్స్‌ను అలా నెట్‌వర్క్ మధ్యలో వినడం కుదరదు.

మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

కుటుంబ గ్రూపు నడిపేవారైతే వాట్సాప్ వదలనక్కరలేదు. బ్యాకప్‌కు తాళం, రెండంచెల ధ్రువీకరణకు ఆరంకెల పిన్, గ్రూపుల్లో మిమ్మల్ని పరిచయస్తులే చేర్చగలిగేలా సెట్టింగ్, ఈ మూడూ చాలు. ఆధార్ పంపాల్సి వస్తే చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ పంపండి.

న్యాయవాది, వైద్యుడు, విలేఖరి, కార్మిక సంఘం నాయకుడు, వేధింపుల నుంచి బయటపడాలని చూస్తున్న స్త్రీ: ఇలాంటివారికి నేను సిగ్నలే చెబుతాను, అదీ సందేశాలు కొంతకాలానికి వాటంతట అవే మాయమయ్యే ఏర్పాటుతో. కక్షిదారు కేసు వివరాలు, రోగి రిపోర్టు, సమాచారం ఇచ్చినవారి పేరు మీ ఒక్కరివి కావు, పోగొట్టే హక్కు మీకు లేదు. అందరినీ సిగ్నల్‌లోకి లాగనక్కరలేదు. అవసరమైన నలుగురు వస్తే చాలు.

చిన్న వ్యాపారం చేసేవారికి వాట్సాప్ తప్పదు, ఖాతాదారులు ఉన్నది అక్కడే. అయితే కొట్టు పనికి వేరే నంబరు పెట్టుకోవడం వల్ల ఇంటి మనుషుల ఫోటోలు కొనుగోలుదారుల కంట పడవు.

గల్ఫ్‌లో మనవాళ్లున్న ఇళ్లకు వేరే కష్టం ఉంది. యూఏఈలో వాట్సాప్ కాల్స్ పనిచేయవు, సందేశాలు మాత్రం వెళ్తాయి. కాల్స్ కోసం అక్కడ బోటిమ్ వంటి అనుమతి ఉన్న యాప్‌లు వాడతారు. యోగక్షేమాలు వాటిలో మాట్లాడుకోండి. పాస్‌పోర్టు నకలు, బ్యాంకు వివరాలు వాట్సాప్ సందేశంగా పంపుకోండి.

‘నా దగ్గర దాచడానికేముంది’ అనేవారికి ఒక మాట. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చారు. దాచుకోవడం నేరం చేసినవారి అవసరమని వారు అనుకోలేదు. జీతం ఎంతో, ఏ మందులు వాడుతున్నామో, కూతురికి ఏ సంబంధం చూస్తున్నామో ఊరందరికీ చెప్పకపోవడం మామూలు మనిషి మర్యాద.

ఏ యాప్ కూడా కాపాడలేనివి

2019లో పెగాసస్ నిఘా సాఫ్ట్‌వేర్‌ను దాదాపు 1,400 మంది ఫోన్లలోకి వాట్సాప్ కాల్ లోపం ద్వారా ఎక్కించారు. ఎన్‌క్రిప్షన్‌ను ఎవరూ పగలగొట్టలేదు. ఫోనులోకే దూరారు, చదివే మనిషి చూసే తెరనే వాళ్లూ చూశారు. 2025 మార్చిలో అమెరికా జాతీయ భద్రతా సలహాదారు యెమెన్ మీద దాడుల గురించి చర్చించే సిగ్నల్ గ్రూపులో పొరపాటున ఒక పత్రికా సంపాదకుడిని చేర్చారు. సిగ్నల్ తన పని సరిగ్గానే చేసింది, సందేశాలను గ్రూపులో ఉన్నవారందరికీ భద్రంగా చేర్చింది.

మన ఇళ్లలో ఇవి వేరే రూపంలో వస్తాయి. పెళ్లి శుభలేఖ అనో, ట్రాఫిక్ చలానా అనో పేరు పెట్టి వచ్చే ఏపీకే ఫైలును (ఫోనులో యాప్‌ను ఎక్కించే ఫైలు) తెరిచి ఇన్‌స్టాల్ చేస్తే అది ఫోనులో తిష్ఠవేసి ఓటీపీలు చదువుతుంది. పోలీసు దుస్తుల్లో వీడియో కాల్ చేసి ‘డిజిటల్ అరెస్ట్’ అని బెదిరించేవారి కాల్ కూడా ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్‌తోనే వస్తుంది. మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేది లేదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి. ఇంట్లోవాళ్ల నిఘాకు కూడా సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఫోను ఒక్క నిమిషం చేతికి దొరికితే వాట్సాప్‌ను మరో కంప్యూటర్‌కు జతచేయవచ్చు. వాట్సాప్‌లో లింక్‌డ్ డివైసెస్ తెరిచి, అక్కడ మీకు తెలియని పరికరం ఏది కనిపించినా వెంటనే లాగౌట్ చేయండి.

పెద్దవాళ్ల ఫోనులో ఈ మార్పులు చేసేటప్పుడు వారి పక్కన కూర్చుని, వారి వేలితోనే నొక్కించండి. పిన్ వాళ్లే ఎంచుకోవాలి. వాట్సాప్ అప్పుడప్పుడు ఆ పిన్‌ను మళ్లీ అడుగుతుందనీ, అలా అడగడం మోసం కాదనీ, ఎవరైనా ఫోను చేసి అదే పిన్ చెప్పమంటే మాత్రం అది మోసమేననీ ముందే చెప్పి ఉంచండి.